పోచమ్మ గుడిలో ఫ్యూజు డబ్బా

ఆదివారం, రాత్రి

ఆ మేనేజరుకు బుద్ధి లేదు. నేను బల్లెం పట్టుకుని కాపలా కాసే పార్కు రాజుల కాలం నాటి కోటలా కనబడాలట. కరెంటు సామాను కంటపడకూడదని చిన్న గుడి ఒకటి కట్టించి, ఫ్యూజు డబ్బాను అందులో దాచాడు. గుడికి పసుపు పూయించి బొట్లు కూడా పెట్టించాడు.

"సారూ, గిది అచ్చం పోచమ్మ గుడి లెక్కుంది. ఆడోళ్లు నీళ్లు పోస్తరు" అని మొదటి రోజే చెప్పాను.

"ఉత్త సెట్టింగు తాతా, ఎవరు మొక్కుతరు?" అని నవ్వాడు.

ఈరోజు నాకు సద్ది తెచ్చిన మా ముసలిదే మొక్కింది. చెంబెడు నీళ్లలో వేపమండ వేసి, అమ్మవారికని ఆ గుడిలో సాక పోయబోతుంటే, ఉరికి వెళ్లి చేతి మీద కొట్టాను. చెంబు దొర్లిపోయింది. చూసినవాళ్లంతా నన్నే తిట్టారు.

"పబ్లిక్ ముందట గట్ల కొడ్తవా?" అన్నాడు మేనేజరు.

"మీ అవ్వ పోస్తుంటే ఏం చేస్తుంటివిరా?" అన్నాను.

లోపల కరెంటు ఉందని ఇంట్లో ముసలిదానికి ఎంత చెప్పినా వినదు.

"పోచమ్మ ఉన్నకాడ కరెంటు నన్నేం జేస్తది? నువ్వు జేసిన తప్పుకు రేపు కడివెడు పోసొస్త" అని, అన్నం తినకుండా పడుకుంది.

అన్నదంటే పోస్తుంది. అందుకే అది లేవకముందే గడ్డపార తీసుకుని పోతాను. గేటు దగ్గర మెయిన్ బందు చేసి ఆ గుడి కూలగొడతాను. కొలువు పోతే పోనీ.

అది గుడి కాదని నాకు తెలుసు. అయినా చెప్పులు విడిచే కొడతాను.