వెలుతురుకు వీపు

గూడూరు,
13-8-1961, ఆదివారం.

ప్రియమైన అమ్మకు, నీ కొడుకు హెబ్రోను వందనాలు చేసి రాసుకునేది. ప్రభువు కృప వల్ల నేనిక్కడ క్షేమం. నువ్వూ చెల్లి ప్రేమలీలా చిట్టమూరులో కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్షేమమంటే ఒంటి వరకే అమ్మా. మనసులో మాత్రం నిన్నటి నుంచి ఒకటే దడ. ప్రేమా, ఈ ఉత్తరం అమ్మకు చదివేటప్పుడు తలుపు దగ్గరికి వేసుకో. పక్కింటి మగ్దలీనమ్మత్త వచ్చి కూర్చుంటే, ఆమె వెళ్లాకే చదువు.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. వేళకు తింటున్నానా అని మొదటిది. తింటున్నాను. హోటలు సాంబారు నీళ్లలాగా ఉన్నా, అలవాటైపోయింది. దగ్గు కూడా తగ్గింది. నేను మైకా షెడ్డులోకి వస్తే ఆడవాళ్లు లేచి నిలబడతారా అని రెండోది. లేస్తారమ్మా. నలభై మందీ ఒక్కసారిగా లేస్తారు. అది విని నువ్వు చెల్లివైపు గర్వంగా చూస్తావని తెలుసు. కానీ వాళ్లు అలా లేచినప్పుడు ఎవరూ మాట్లాడరు, ఎవరూ నవ్వరు. ఆ నిశ్శబ్దంలోంచి నడిచి నా కుర్చీ దాకా వెళ్లడానికి ఎంత దూరమో నీకెలా చెప్పను! మూడో సంగతికి తర్వాత వస్తాను.

నాకంటే ముందు మేనేజరుగా చేసిన సంజీవరావుగారు వస్తే ఎవరూ లేచేవారు కాదట. ఆయన ఎవరి పిల్లకు జ్వరమో, ఎవరింట్లో పెళ్లో అడుగుతూ బల్లల మధ్య తిరిగేవారట. నేనేమో నాలుగేళ్లు ఆఫీసులో కాగితాలు రాసినవాణ్ణి. మైకా సార్టింగు డిపార్టుమెంటు నీదేనయ్యా అని జూలైలో యజమాని రంగనాయకులుగారు అన్నప్పుడు ఆ పని నాకేం తెలుసు అనుకున్నాను. మొదటి రోజే వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని కిసుక్కున నవ్వారు. నా చెవిన పడింది. "మన బల్లకింద నిద్రపోయినోడే, మనకి సారయినాడు!"

నిజమే కదా. ఇదే షెడ్డులో నువ్వు మైకా రేకులు చూసి మచ్చ లేనివి ఏరే రోజుల్లో, నీ బల్లకింద గోనెపట్టా మీద నేను నిద్రపోయిన మాట నిజమే. కానీ ఆ నవ్వుకు నాకు భయం పట్టుకుంది. నన్ను పిల్లకాయ కింద జమకడితే ఇక నా మాట ఎవరు వింటారు? నాకు వాళ్ల వీపులే కనబడేవి. ఆ వీపుల అవతల ఏం నవ్వుకుంటున్నారో తెలియక, రెండో వారంలో ఒక ఆర్డరు వేశాను. గోడ పొడవునా కిటికీల వైపు తిరిగి ఉన్న బల్లలన్నీ నా కుర్చీ వైపు తిప్పమన్నాను. అందరి ముఖాలూ నాకు కనబడాలని.

నువ్వీపాటికి తల పట్టుకుని ఉంటావు. పదేళ్లు ఆ పని చేసినదానివి. రేకును కిటికీకేసి ఎత్తి, వెలుతురులో చూస్తేనే లోపలి మచ్చ కనబడుతుందని నీకు తెలుసు. నాకు కుర్చీ తప్ప ఏమీ తెలియలేదు. ఒక్కరే నోరు విప్పారు. "వద్దు సారూ, ఈ బల్లలు ఇట్టా ఉండేదానికి కారణం ఉంది" అన్నది ఆమె. "కారణాలు నేను అడగలేదు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందమ్మా. "అట్నే సారూ" అని ఆమె తన బల్లను తానే జరుపుకున్నది. ఆ రోజు నుంచే అందరూ లేచి నిలబడటం మొదలుపెట్టారు.

నిన్న పొద్దున మద్రాసు నుంచి పెట్టె తిరిగి వచ్చింది. మచ్చలేని రకమని మేం పంపిన దానిలో సగానికి సగం మచ్చ రేకులే. పెట్టె మీద నా సంతకం. రంగనాయకులుగారు పిలిపించి, ఒక రేకు నా ముఖం ముందు ఆడిస్తూ, "ఇది ఎవురి కళ్లు దాటి పోయిందయ్యా?" అన్నారు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. ఆ రోజుల్లో నీ పక్కన కూర్చునే నాగులమ్మ ఇంకా పనిలో ఉందా, పలకరించావా, అని అడిగావు. ఉందమ్మా. బల్లల గురించి వద్దన్నది ఆమే. ఆఖరిసారి చూసి పెట్టెలో పెట్టేదీ ఆమే. రేకు ఆడించిన అయ్యగారితో నిన్న నేను ఏమన్నానో విను. "నాగులమ్మ అండీ. ఆమెకు చూపు ఆనడం లేదు" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. సోమవారం నుంచి ఆమెను రానియ్యొద్దన్నారు ఆయన. సరేనండీ అని వచ్చేశాను.

చూపు ఆనడం లేదు. నిన్ను పంపేసిన రోజు అప్పటి మేనేజరు అన్నది కూడా ఇదే మాట. నువ్వు ఇంటికి వచ్చి, రేకులు చీల్చే కత్తిని చూరులో దోపి, ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట అన్నవాడి మీద పళ్లు కొరికాను. ఇవాళ నేనే వాడినయ్యాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా భయంగా ఉంది.

ఈ పొద్దున గుడిలో వాక్యం ఒక్కటీ చెవికెక్కలేదు. ప్రార్థన అయీ అవగానే సైకిలు తీసుకుని చిల్లకూరు వెళ్లాను. నాగులమ్మ వాకిట్లో, వెలుతురుకు ఎదురుగా కూర్చుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. గుండుసూది తలంత రాయిని గోటితో తీసి అవతల పడేసింది.

"పెద్దమ్మా, పెట్టె నావల్లే పాడైంది. నీ చూపు పోయిందని అయ్యగారికి చెప్పింది నేనే" అన్నాను.

ఆమె చేట దించలేదు. "తెలుసు నాయనా. వాచుమేను గంగులయ్య నిన్ననే చెప్పినాడు."

"రేపు ఆయనకు నిజం చెప్తాను."

"చెప్తావో, చెప్పలేవో, అది నీకూ నీ దేవుడికీ ఎరిక. బల్లలు మాత్రం ఇయ్యాలే తిప్పెయ్. నేను ఉన్నా లేకపోయినా, రేపు పొద్దున ఆ ఆడబిడ్డలకి వెలుతురు కావాల." చేట చెరుగుతూ మళ్లీ తనే అంది. "ఆ పొద్దు నవ్వినామని కదా నీకు కోపం? మాతో రేకులు చూసిన ఎస్తేరు బిడ్డ కుర్చీలో కూర్చున్నాడని మురిసినాం రా, పిచ్చోడా."

తిరిగి వచ్చి, గంగులయ్యను సాయం పట్టమని, బల్లలన్నీ యథాస్థానానికి జరిపాను. బల్లలు జరిపిన చేతులతోనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే చెల్లి కూడబలుక్కుని చదవాలి.

రేపు ఎనిమిదింటికి అయ్యగారి గదికి వెళ్లాలి. ఆయన కోపం ఎలాంటిదో నీకు చెప్పలేను. నా ఉద్యోగం ఉంటుందని నమ్మకం లేదు. పొద్దున లేచేసరికి నా ధైర్యం నీరుగారిపోతుందని నాకు తెలుసు. అందుకే ముందుగా నీకు రాస్తున్నాను. ఇప్పుడే వెళ్లి దీన్ని పోస్టు డబ్బాలో పడేస్తాను. పడేశాక వెనక్కి తీసుకోలేను. నిజం చెప్తానని నీకు రాశాను కనుక ఇక చెప్పక తప్పదు. ఇది నీ చేతికి అందేసరికి చెప్పేసి ఉంటానమ్మా.

నువ్వు అడిగిన రెండో సంగతికి జవాబు కొట్టేసి ఇలా రాయమని చెల్లికి చెప్పు. రేపటి నుంచి నేను వస్తే ఎవరూ లేవరు. వాళ్ల ముఖాలు కిటికీ వైపు ఉంటాయి. నేను వచ్చినట్టే వాళ్లకు తెలియదు.

ఇట్లు,
నీ బల్లకింద నిద్రపోయిన కొడుకు,
హెబ్రోను.