అమ్మ కాసెట్ ఎక్కించిన సంగతి

గంగక్కకు నీ తమ్ముడు సాయిలు మస్కట్ నుంచి దండం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు, బాపు అందరూ బాగున్నారనుకుంటాను. బాపు మోకాలి నొప్పి తగ్గిందా? మార్కెట్ యార్డుకు పసుపు రావడం మొదలైందట కదా, కొమ్ములు ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. పోయినసారి ఫోన్లో దగ్గుతూనే మాట్లాడావు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావు. చెబుదామని మూడుసార్లు ఫోన్ చేసి, తిన్నారా, ఎండలు ఎట్లున్నాయని అడిగి పెట్టేశాను. నోరు రాలేదు. మోర్తాడ్ రాజన్న సెలవు మీద వస్తున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం, ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ముందు ఉత్తరం నువ్వొక్కదానివే చదువు.

మా దుకాణంలో పని కష్టమేం కాదు. పాత కాసెట్‌ను మిషన్‌లో వేసి, తీగ కంప్యూటర్‌కు తగిలించి, శబ్దం లెవెల్ పెట్టాలి. తెర మీద గీత పచ్చగా ఆడితే మంచిదే. ఎరుపు తాకితే గొంతు పగులుతుంది. టేపు మీదైతే కాస్త ఎక్కువైనా చెల్లేది, కంప్యూటర్‌లో చెల్లదు. పగిలింది పగిలినట్టే, తర్వాత తగ్గించినా అతకదు. అందుకే ముందు కాసెట్ మొత్తం విని, అన్నిటికన్నా గట్టిగా ఉన్నచోట లెవెల్ చూసుకుని, అప్పుడు ఎక్కించాలి. మా మలయాళీ సేటు మొదటి రోజే ఇది నేర్పాడు. ఎవరెవరివో పెళ్ళి పాటలు, తాతల మాటలు ఎన్నో ఎక్కించాను, ఒక్కటీ చెడలేదు. అమ్మ కాసెట్ చెడగొట్టాను అక్కా.

నేనిక్కడికి వచ్చే రోజు ఆర్మూర్ బస్టాండ్‌లో బాపును అన్న మాట నువ్వూ విన్నావు. "అమ్మకు పాణం బాగలేదని తెలిసి గూడ రాకపోతివి. నేను నీ లెక్క గాను" అన్నాను. అప్పుడు గల్ఫ్‌లో ఉన్న బాపుకు అమ్మ మాటలు నింపి పంపిన కాసెట్ చేరిన నెలకే అమ్మ పోయిందనీ, అందులో తన బాధ చెప్పుకోకుండా ఉంటుందా అనీ బాపమ్మ బతికున్నన్నాళ్ళూ అనేది. అదే విని పెరిగినవాణ్ణి. బాపు కోపం చేయలేదు. "కాసెట్ల గా ముచ్చట లేదు బిడ్డా. నువ్వే ఇను" అని నా సంచిలో పెట్టాడు. నువ్వు కొంగుతో చేతులు తుడుచుకుంటూ పక్కకు చూశావు.

ఇన్ని నెలలు దాన్ని ముట్టుకోలేదు. మొన్న శుక్రవారం సేటును అడిగి దుకాణం తెరిచాను. టేపు పట్టుకుంటే వేళ్ళకు పొడి అంటింది. రెండుసార్లు తిరిగే ప్రాణం దానికి లేదనిపించి, ముందు వినకుండానే ఎక్కించడం మొదలుపెట్టాను. మొదట బాపమ్మ మాట్లాడింది, గొణిగినట్టు. ఆ గొంతుకు లెవెల్ పెట్టాను.

బాపమ్మ తన మాట చెప్పి పనికి పోయినట్టుంది, తర్వాత అమ్మ వచ్చింది. బాపు సముద్రం అవతల ఉన్నాడని కాబోలు, రికార్డర్ నోటికి పెట్టుకుని, పొలం ఆ చివర ఉన్నవాణ్ణి పిలిచినట్టు అరిచింది. "ఇనవడుతుందా? గీడ అందరం మంచిగున్నం! పసుపు ఉడకబెట్టుడు అయిపోయింది! సాయిలుగాడు అడుగులేస్తుండు!" గీత ఎరుపులోకి పోయింది. చెయ్యి లెవెల్ మీట మీదే ఉంది. తిప్పలేదు. అమ్మ నా పేరు పలకడం నేను వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు మాటలు తెలుస్తున్నాయి, గొంతు తెలియడం లేదు. రేకు మీద మేకు గీకినట్టుంది. మళ్ళీ ఎక్కిద్దామని వేస్తే టేపు నలిగి తెగింది.

కానీ చివర ఇంకొంత ఉంది. బాపు చెప్పేవాడు గుర్తుందా? వాళ్ళ గదిలో పదిమందికి ఒకటే టేప్‌రికార్డర్. "ఉంటున్న" అనే మాట వినబడగానే పక్కవాడు తన కాసెట్ పట్టుకుని తయారు. బాపు అది దాటి వినలేదు. నువ్వు బటన్ సరిగ్గా నొక్కలేదక్కా. అమ్మ మామూలు గొంతుతో అడిగింది.

"ఆపినవా గంగూ?"

"ఆపిన. కడుపునొప్పి సంగతి చెప్పకపోతివి?"

"వద్దు బిడ్డా. మీ బాపు గంత దూరంల ఉండి ఏం జేస్తడు, తిండి మానేసుడు తప్ప. నువ్వు గూడ ఎన్నడు చెప్పకు, నా మీద ఒట్టు. తమ్ముడు లేచిండు, జర ఎత్తుకో."

అంతే. బాపమ్మకు పెట్టిన లెవెల్ ఆ మెల్లని మాటలకు సరిగ్గా కుదిరింది. అమ్మ గొంతంటూ మనకు మిగిలింది అదొక్కటే.

బాపును అందరూ అంటుంటే ఎట్లా ఊరుకున్నావని మొదట నీ మీద మస్తు కోపమొచ్చింది, అబద్ధమెందుకు. మళ్ళీ విన్నాను. "ఆపిన" అన్న నీ గొంతు ఎంత చిన్నదో. తొమ్మిదేళ్ళ పిల్లకు ఒట్టు పెడితే అది ఇంకేం చేస్తుంది? నీ తప్పు లేదు. తప్పు మాట అన్నవాణ్ణి నేను.

ఆ చివరి ముక్క కోసేయడం నాకు చిటికెలో పని. కోస్తే నీ ఒట్టు నిలుస్తుంది, బాపుకు తెలియదన్న మాట నిలవదు. రెండు రోజులు ఆలోచించి కోయలేదు. నన్ను తిట్టుకున్నా సరే.

పైన బాగానే ఉన్నానని రాశాను. అది అమ్మ చెప్పినట్టే రాసింది. అన్నం సయించడం లేదు, ఎవరితో మాట్లాడబుద్ధి కావడం లేదు. ఫికర్ చేయకు, పనికి మాత్రం పోతూనే ఉన్నాను. రాజన్న తిరిగి వచ్చేటప్పుడు కాస్త మామిడి తొక్కు పంపు.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నేను వచ్చి మొక్కేదాకా బాపు కాళ్ళకు నా బదులు నువ్వే మొక్కు. పెన్‌డ్రైవ్ మీ టీవీకి పెడితే వినబడుతుంది. బాపు పక్కన కూర్చో. అమ్మ "ఇగ ఉంటున్న" అంటుంది. అయిపోయిందనుకుని బాపు లేస్తాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు.

నీ తమ్ముడు,
సాయిలు