పొంగని పిండి

మరదలు రెన్స్కెకు,

ఏడాది చివరి రోజున మా ఇంట్లో ఓలీబోలెన్ తీపి ఉండల పిండి పొంగకపోవడానికి కారణం నువ్వు కాదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

గొడుగు దులపడానికి నువ్వు పెరటి తలుపు తీసిన మాట నిజమే. నేను పిండి మీది తడిగుడ్డ ఎత్తి చూసి, అందరి ముందూ, "చల్లగాలి కొట్టించి చంపేశావు కదే మహాతల్లీ! ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నావు, ఇంకా తెలీదా?" అన్నాను. "ఒక్క క్షణమే కదా వదినా తీసింది!" అన్నావు. నూనెలో వేసిన ఉండలు తేలకుండా అడుగున కూర్చుంటే, "ఇవి రెన్స్కె అత్తయ్య బోలెన్! కిటికీలు పగలగొట్టడానికి పనికొస్తాయి" అన్నాడు మా అల్లుడు. అందరితోపాటు నేనూ నవ్వాను. బాణసంచా మొదలుకాకముందే నువ్వు కోటు వేసుకుని వెళ్లిపోయావు.

మర్నాడు చక్కెర పొడి డబ్బా వెనుక ఈస్టు పొట్లం కనిపించింది. దాన్ని విప్పనేలేదు. పిండిలో ఈస్టు కలపడం నేను మరచిపోయాను, రెన్స్కె. ఈమధ్య నేను మరచిపోయినది అదొక్కటే కాదు.

అది బయటపడితే నన్ను ఒంటరిగా ఉండనివ్వరన్న భయంతో నింద నీ మీదే ఉంచాను. అది నీచమైన పని. నిన్న అల్లుడికీ, మా అమ్మాయి మార్లూస్‌కూ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మార్లూస్, "అమ్మా, సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అని మెల్లగా అడిగింది.

వెళ్దామన్నాను.

నీ వదిన