గరాజ్ తలుపుకి రంగు వేయకండి

కెనడాలోని ఒషావాలో కాపురముంటున్న సుధామయి టిండాల్ అను నేను, గుంటూరులో పుట్టి, ఇంగ్లండులో నర్సునై, ఈ ఊళ్ళో రిటైరైనదానిని, ఎనభై అయిదో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గానీ బుర్ర బాగానే ఉంది. అదే నా బాధ. చేసిందేదీ మరుపుకి రావడం లేదు.

ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత లాయరు మీనాక్షి గారిది. కావాలనే తెలుగులో రాశాను. మా అబ్బాయి దీపక్‌కి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్టూడెంట్ భరద్వాజ్‌ని వెతికి పిలిపించి, అతని చేతే పైకి చదివించాలి.

1. ఇల్లు దీపక్‌కి చెందుతుంది. అయితే భరద్వాజ్‌కి కావలసినన్నాళ్ళు బేస్‌మెంట్ అద్దె లేకుండా ఇవ్వాలి. అతను ఉన్నంతకాలం ఇల్లు అమ్మరాదు. దీపక్, నీకు కోపం వస్తుంది. అతను చెప్పాపెట్టకుండా పోయాడని నీతో అన్నది నేనే. అది అబద్ధం. నేనే పొమ్మన్నాను. ఎందుకో కింద రాశాను.

2. మనవరాలు అనన్యకి నా నర్సు వాచీ. మీ తాతయ్య వాల్టర్ మోకాలు విరిగి మా వార్డుకి వచ్చినప్పుడు ఆ వాచీ చూస్తూనే నాడి పట్టుకున్నాను. ఫుట్‌బాల్ ప్లేయరు నాడి అంతసేపు చూడక్కర్లేదని హెడ్ నర్సు తిట్టింది.

3. జనార్ధనరావు గారికి నా మడత గొడుగు. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో, మా ఆయన క్లబ్బు జీతం మీద ఫుట్‌బాల్ ఆడాడని చెబితే, "అది సరేనమ్మా, ఉద్యోగం ఏం చేసేవారు?" అని అందరి ముందూ అడిగారు. అదే ఉద్యోగమండీ. వానకి తడిసి రాయిలా బరువెక్కిన తోలు బంతిని తలతో కొట్టడం, ఆటలుండని ఎండాకాలంలో జీతం తగ్గిస్తే బొగ్గు బస్తాలు మోయడం, మోకాలు పోయాక క్లబ్బువాళ్ళు వెళ్ళిరమ్మంటే వచ్చేయడం. తర్వాత ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో డోర్లు బిగించాడు. గొడుగు మంచిదే, వాడుకోండి.

4. మా ఆయన వేసుకుని ఆడిన బూట్లు, తోలు బంతి భరద్వాజ్‌వి.

ఒక కప్పు సెమీఫైనల్లో, ఆఖర్న వచ్చిన పెనాల్టీని ఆయన నేరుగా గోల్‌కీపర్ చేతుల్లోకి కొట్టాడు. క్లబ్బున్న ఆ ఊరు ఆయన్ని క్షమించలేదు. ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చి అన్నీ పోయినా అదొక్కటి పోలేదు. రోజూ సాయంత్రం బంతి తీసుకెళ్ళి గరాజ్ ముందు పెట్టుకుని నిలబడేవాడు. భరద్వాజ్ వచ్చాక, తనే ఆ తలుపు ముందు గోల్‌కీపర్‌గా నిలబడేవాడు. బంతి ఒకవైపొస్తే అతను రెండోవైపుకి దూకేవాడు. బంతి ధడేల్మని తలుపుకి తగిలేది, ఆయన చేతులు పైకెత్తేవాడు. భరద్వాజ్ మోచేతులు గీసుకుపోతే నేనే మందు రాసేదాన్ని. ఒక్కటీ పట్టుకోలేడని లోలోపల నవ్వుకునేదాన్ని.

నన్ను ఆయన 'సిస్టర్' అనేవాడు, వార్డులో పిలిచినట్టే. అన్నం పెట్టేది సిస్టరు, ఒళ్ళు తుడిచేది సిస్టరు. ముఖం వెలిగేది మాత్రం కీపర్‌ని చూసి. నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడి మీద అసూయతో కుళ్ళిపోయాను. రెజైనా ఊరి నుంచి చుట్టాలొస్తున్నారని చెప్పి గది ఖాళీ చేయమన్నాను. నిరుడు ఆ సెప్టెంబరులో స్టూడెంట్లకి గదులు దొరక్క ఒకరి మీద ఒకరు పడుకుంటున్నారని తెలిసే అన్నాను. "పర్లేదు ఆంటీ, మిల్టన్‌లో ఫ్రెండ్ రూమ్‌లో అడ్జస్ట్ అవుతా. అంకుల్‌ని ఈవెనింగ్ బయటికి తీసుకెళ్ళండి, ప్లీజ్" అన్నాడు. ఆ సాయంత్రమే గది ఖాళీ చేశాడు.

మర్నాడు చీర మీద కోటు వేసుకుని తలుపు ముందు నేనే నిలబడ్డాను. ఆయన మెల్లగా వచ్చి కొట్టాడు. నేను వంగి రెండు చేతులా పట్టుకున్నాను. కుర్రాడికన్నా బాగా ఆపానని మెచ్చుకుంటాడేమోనని చూశాను. ఆయన తల వంచుకుని, ఎవరూ లేని వాకిటికి "సారీ, బాయ్స్" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. భరద్వాజ్ కావాలనే ఓడిపోయేవాడని, బంతి చేతిలో పట్టుకుని ఉండగా తెలిసింది.

ఆయన మళ్ళీ బంతి ముట్టుకోలేదు. చలికాలం దాటకుండానే పోయాడు. భరద్వాజ్‌కి ఒక్క ఫోన్ చేస్తే రైలెక్కి వచ్చేవాడే. ముఖం చెల్లక చేయలేదు. అంత్యక్రియలకీ పిలవలేదు. బాబూ, ఇది చదువుతున్నది నువ్వే కదా. నీకూ ఆయనకీ అన్యాయం చేశాను.

5. గరాజ్ తలుపు మీద బంతి మరకలున్నాయి. రంగు వేయకండి. నన్ను సాగనంపిన సాయంత్రం ఆ బంతిని అనన్య చేత అక్కడ కొట్టించండి. భరద్వాజ్ మనసొప్పితే గోల్‌లో నిలబడతాడు. ఒప్పకపోతే బలవంతపెట్టకండి, ఇంకెవరూ నిలబడకండి. ఆ బంతిని మళ్ళీ ఎవరూ ఆపకూడదు.

ఒషావా, 2023 నవంబరు 18
(సంతకం) సుధామయి టిండాల్

సాక్షులు, ఇందులో ఏ ఆస్తీ పొందనివారు:
సీతాదేవి
యోగానంద్