నీ గిటార్‌కు బెల్టు కట్టాను

తమ్ముడూ,

ఈ ఆదివారం నీ మేనకోడలు స్నేహ చర్చిలో నీ గిటార్ వాయిస్తుంది. నిలబడి వాయించాలంటే భుజానికి బెల్టు ఉండాలి కదా, గిటార్‌ను దిల్‌సుఖ్‌నగర్‌లో షాపుకు తీసుకెళ్లాను.

"మెడ కింద చిన్న రంధ్రం జేసి స్క్రూ పెడత అక్కా. పాలిష్ ఏం ఖరాబ్ గాదు," అన్నాడు షాపతను.

"రంధ్రం ఒద్దు," అన్నాను. నువ్వు దాని మీద స్టిక్కర్ కూడా అంటించనిచ్చేవాడివి కాదు.

దవాఖానలో నీ గొంతుకు రంధ్రం పెడతామంటే సరేనన్నాను. ఛాతీకి ఇంకొకటి అంటే దానికీ సరేనన్నాను. ఎందుకని ఒక్క మాట అడగలేదు. ఈ చెక్కకు మాత్రం ఎంత గట్టిగా వద్దన్నానంటే, అతను నా మొహం వంక చూశాడు.

"అట్లయితే పైన తీగలు బిగించే కాడ బూటు లేసుతోని కట్టుకోర్రి. నూలుదైతే గీతలు పడయి."

మన్సూరాబాద్ ఇంటికొచ్చి, నువ్వు పోయాక దవాఖాన వాళ్లిచ్చిన నీ వస్తువుల సంచి ఇన్నాళ్లకు తెరిచాను. నీ బూట్లు లేసు విప్పకుండానే లాగేసినట్టున్నారు. ఆ పొద్దున నువ్వు వేసుకున్న ముడి అలాగే ఉంది.

గిటార్ మీద ఒక్క గీత పడలేదు. నీ ముడే విప్పాల్సి వచ్చింది.

అక్క