పలక మీద మిగిలిన రెండు మాటలు

తమ్ముడూ,

నువ్వు పోయిన రోజు పొద్దున కూడా, గొర్రెలను తోలకముందు, పలక మీద పది ఇంగ్లీషు మాటలు రాసి నీ బిడ్డకిచ్చినావు. ఎనిమిది చెప్పింది. "మిగతా రెండూ సాయంత్రం అప్పజెప్పు, అప్పుడే తుడుస్తా" అన్నావు.

ఏడాదిగా ఆ పలకను దేవుడి గూట్లో పెట్టి మొక్కుతున్నా. ఎవరినీ తాకనియ్యలేదు.

ఇంటర్‌లో బిడ్డకు ఇంగ్లీషు ఒక్కటే పోయింది. వచ్చేవారం మళ్లీ పరీక్ష. ఈ పొద్దున గ్రామరు పుస్తకం తిరగేస్తా, "అత్తా, ఆ రెండూ అప్పజెప్తా. పలక ఇస్తావా?" అనింది.

"అది మీ నాయన రాసింది కదమ్మా."

"అప్పజెప్తే తుడుస్తాననింది కూడా నాయనే."

సాయంత్రం ఇంట్లో అందరి ముందు రెండూ చెప్పింది. నేనే తడిగుడ్డతో తుడిచినా. రేపట్నించి పుస్తకం చూసి పది మాటలు నేను రాయాలనీ, పలకను మళ్లీ గూట్లో పెట్టగూడదనీ అందరం అనుకున్నాం.

అక్క