అక్కా, ఇక ఉపవాసం వద్దు

రోలా, షార్జా

రాజ్యం అక్కకి,

నిన్న ఫోన్‌లో అన్నం తినమని మాత్రం చెప్పగలిగాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. అందుకే రేపు ఊరొస్తున్న నాగదుర్గ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కీమో రోజుల్లో కడుపు మాడ్చుకుంటే ఒళ్లే క్యాన్సర్‌ను తినేస్తుందని, దాన్ని ఆటోఫజీ అంటారని నీకు వీడియో పంపింది నేనే కదా. నిన్న మా మేడమ్ చెల్లెలు వచ్చారు. ఆవిడ క్యాన్సర్ డాక్టరు. చపాతీలు వత్తుతూ భయంభయంగా అడిగాను.

"ఆకలేస్తే క్యాన్సర్ కణం కూడా తనలోని చెత్తను తానే తింటుంది. ఒక్కోసారి అలాగే చస్తుంది, ఒక్కోసారి అలాగే మందును తట్టుకుని బతికిపోతుంది. ఏదవుతుందో మేమే చెప్పలేం. ఉస్‌కో ఖానా ఖిలావ్, ఫౌరన్!" అని, వెంటనే నీకు తిండి పెట్టించమని కేకేశారు.

ఎనిమిది కిలోలు తగ్గానని నువ్వు చెప్పినప్పుడు మందు పనిచేస్తోందని సంబరపడ్డాను. ఇంకో వారం ఓపిక పట్టమని కూడా అన్నాను.

ఎందుకింత చిక్కిపోయావని అక్కడి డాక్టరుగారు అడిగితే అమ్మవారి మొక్కు అని చెప్పావట. నన్ను కాపాడ్డానికే చెప్పి ఉంటావు. ఈసారి అడిగితే అమ్మవారి మీద పెట్టకు. నా పేరు చెప్పు.

నీ చెల్లెలు